ఢిల్లీ డీజిల్ సెడాన్ గుంటూరు చేరేసరికి ఎంతైంది: ఒక కేసు పూర్తి లెక్క

ఢిల్లీలో 5,25,000 రూపాయలకు బేరం కుదిరిన డీజిల్ సెడాన్, ఏపీ నంబరు వేయించుకుని, ధైర్యంగా హైవే ఎక్కే స్థితికి వచ్చేసరికి 9,76,000 అయింది. మధ్యలో ఎవరూ మోసం చేయలేదు. బండి పాడవలేదు. ప్రతి రూపాయికీ రసీదు ఉంది. బండి ధర ఒక్కటే చూసి ఢిల్లీ వెళ్దామనుకునేవాళ్లు చాలామంది నా దగ్గరకు వస్తున్నారు కాబట్టి ఈ లెక్క మొత్తం రాసి పెడుతున్నాను.

నాది విజయవాడ ఆటోనగర్‌లో వర్క్‌షాపు. డీజిల్ కార్ల పనితో పాటు, సెకండ్ హ్యాండ్ బండి కొనేవాళ్ల తరఫున ముందుగా చూసిపెట్టడం కూడా చేస్తాను. ఈ కేసులో కొనుగోలుదారు గుంటూరు మిర్చి యార్డులో కమిషన్ వ్యాపారి. ఖమ్మం, వరంగల్ మార్కెట్లకు, హైదరాబాద్‌కు తిరుగుడు ఎక్కువ. నెలకు రెండు వేల కిలోమీటర్లు తగ్గవు. ఆయనకు కావలసింది స్కోడా ఆక్టేవియా 2.0 టీడీఐ, అంటే రెండు లీటర్ల డీజిల్ ఇంజన్, దానికి డీఎస్‌జీ అనే ఆరు గేర్ల ఆటోమేటిక్ గేర్‌బాక్సు. కొత్తది దొరకదు. బీఎస్-6 కాలుష్య నిబంధనలు వచ్చిన 2020 ఏప్రిల్ నుంచి స్కోడా, ఫోక్స్‌వ్యాగన్ మన దేశంలో డీజిల్ కార్లు ఆపేశాయి. మారుతి కూడా అప్పుడే ఆపేసింది. అంటే ఈ ఇంజన్ కావాలంటే పాతదే కొనాలి. మన దగ్గర 2016 మోడల్‌కు 8 లక్షలు చెబుతుంటే ఢిల్లీలో ఐదు, ఐదున్నరకు కనిపిస్తున్నాయి. 2025 మొదట్లో మాట ఇది.

అక్కడ ఎందుకంత తక్కువంటే, కారణం కోర్టు ఉత్తర్వులు. పదేళ్లు దాటిన డీజిల్ బండ్లు ఢిల్లీ, చుట్టుపక్కల ఎన్‌సీఆర్ ప్రాంతంలో తిరగకూడదని జాతీయ హరిత ట్రైబ్యునల్ 2015 ఏప్రిల్‌లో చెప్పింది. 2018 అక్టోబరులో సుప్రీంకోర్టు దాన్నే ఖాయం చేసింది. దాంతో ఎనిమిది, తొమ్మిదేళ్ల డీజిల్ బండి ఉన్నవాళ్లు గడువు దగ్గర పడేలోగా బయటి రాష్ట్రాలకు అమ్మేసుకోవాలని చూస్తారు. ఆ తొందరే మనకు కనిపించే తక్కువ ధర. అయితే ఇది స్థిరంగా ఉండే సంగతి కాదు. 2025 జులై 1 నుంచి అలాంటి బండ్లకు బంకుల్లో ఇంధనం పోయకూడదన్నారు, కొద్ది రోజులకే వెనక్కి తగ్గారు. ఆగస్టులో సుప్రీంకోర్టు వయసు ఒక్కటే కారణంగా యజమానులపై కఠిన చర్యలు వద్దంది. డిసెంబరులో ఆ రక్షణను బీఎస్-4, ఆపై బండ్లకే పరిమితం చేసింది. ఆక్టేవియా బీఎస్-4 బండే. కాబట్టి నిరుడు మేం కొన్న ధర ఇప్పుడూ దొరుకుతుందని ఎవరూ లెక్క వేసుకోవద్దు. ఆ తగ్గింపు ఒక ఉత్తర్వుతో వచ్చింది, మరో ఉత్తర్వుతో పోవచ్చు.

చూడడం దగ్గర పడిన శ్రమ

కరోల్ బాగ్ వైపు డీలర్ల దగ్గర మొదట చూసిన బండి పైకి అద్దంలా ఉంది. సీట్లు కొత్తగా కుట్టించారు, డాష్‌బోర్డు మెరుస్తోంది. డ్రైవర్ సీట్ బెల్టును చివరిదాకా లాగాను. మామూలుగా బయటికి వచ్చే భాగం శుభ్రంగా ఉంది. రీల్ లోపల చుట్టుకుని ఉండే చివరి జానెడు మాత్రం మట్టి రంగులో ఉంది, మధ్యలో అడ్డంగా ఒక గీత. సీటు వెనక్కి జరిపి పట్టాల బోల్టుల చుట్టూ వేలితో రాస్తే మెత్తటి ఒండ్రు వచ్చింది. కార్పెట్ మార్చవచ్చు, సీటు కవర్లు మార్చవచ్చు, బెల్టు రీలు లోపల ఎవరూ కడగరు. 2023 జులైలో యమున 208.66 మీటర్లకు చేరి ఢిల్లీలో ఎన్ని వీధులు మునిగాయో అందరం టీవీలో చూశాం. అందుకే ఢిల్లీ బండి ఏదైనా సరే నేను ముందు బెల్టు లాగుతాను, ఆ తర్వాతే బానెట్ ఎత్తుతాను. నీళ్లలో నానిన బండి కొన్ని నెలలు బాగానే తిరుగుతుంది. తర్వాత వైరింగ్ సాకెట్లలో పచ్చటి తుప్పు మొదలై, ఒక్కో ఎలక్ట్రానిక్ మాడ్యూల్ ఒక్కో రోజు మొరాయిస్తుంది. దాన్ని రిపేరు చేసి గెలిచినవాణ్ని నేను చూడలేదు.

ఇంకో బండిలో మీటరు 71 వేలు చూపిస్తోంది. స్కానర్ పెట్టి పాత ఫాల్టు రికార్డులు తీస్తే, అందులో ఒక దాని పక్కన 1,12,000 కిలోమీటర్ల దగ్గర నమోదైనట్టు ఉంది. మీటరులో అంకె మార్చినవాడు అన్ని మాడ్యూళ్లలోకీ వెళ్లి మార్చడు. బ్రేక్ పెడల్ రబ్బరు అరిగిన తీరు కూడా ఆ రెండో అంకెకే సరిపోయింది.

చివరికి తీసుకున్నది ద్వారకలో ఒక రిటైర్డ్ ఉద్యోగి దగ్గర. ఒకే యజమాని, 92 వేల కిలోమీటర్లు, సర్వీసు బిల్లులు వరుసగా ఫైలులో ఉన్నాయి. తెల్లవారుజామున ఇంజన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేయించాం. డీజిల్ బండి అసలు గుణం వేడెక్కాక తెలియదు. చల్లటి స్టార్ట్‌లో పొగ రంగు, ఐడిల్ వణుకు, ఇంజన్ వణుకును గేర్‌బాక్సుకు చేరనివ్వని డ్యుయల్ మాస్ ఫ్లైవీల్ దగ్గర గలగల, ఇవన్నీ ఉంటే మొదటి రెండు నిమిషాల్లోనే బయటపడతాయి. తర్వాత ఇంజన్‌లోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్ల రిటర్న్ పైపులకు నాలుగు సన్నని గాజు గొట్టాలు తగిలించి లీక్-ఆఫ్, అంటే వెనక్కి వచ్చే డీజిల్ ఎంతో చూశాం. నాలుగింటిలోనూ డీజిల్ దాదాపు ఒకే ఎత్తున లేస్తే ఇంజెక్టర్లు సమానంగా పనిచేస్తున్నట్టు. ఒకటి మిగతావాటికన్నా త్వరగా నిండితే అది లోపల కారుతున్నట్టు. ఇక్కడ మూడు సమానంగా ఉన్నాయి, నాలుగోది వెంట్రుకవాసి ఎక్కువ. ఇంకో నలభై, యాభై వేల కిలోమీటర్లకు ఖర్చు తెస్తుందని రాసుకున్నాను, ఆ మాట చెప్పే బేరంలో పాతిక వేలు తగ్గించాం. విమానం, బస, ఢిల్లీలో తిరుగుడు, నా ఫీజు కలిపి చూడడానికే 25,000 అయింది. ఈ డబ్బు దండగ అనుకునేవాళ్లు ఫోటోలు చూసి అడ్వాన్సు పంపుతారు.

కాగితాలు

ఇది ఖర్చు తక్కువ, ఓపిక ఎక్కువ కావలసిన భాగం. ఢిల్లీ ఆర్టీవో నుంచి ఫారం 28 మీద ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదన్న పత్రం రావాలి. అందులో ఏ ఊరి రవాణా కార్యాలయానికి అన్నది స్పష్టంగా రాస్తారు. కొనేవాడి ఆధార్ చిరునామా గుంటూరు అయితే ఎన్‌ఓసీ కూడా గుంటూరుకే ఉండాలి. మా షాపు విజయవాడలో ఉంది కదా అని అక్కడికి తీసుకుంటే మళ్లీ మొదటికొస్తుంది. ఛాసిస్ నంబరు పెన్సిల్ ప్రింటు, చలాన్లు బాకీ లేవన్న ఆధారం, దొంగ బండి కాదన్న పోలీసు రికార్డు క్లియరెన్సు, పాత లోను ఉంటే అది తీరిందన్న బ్యాంకు లెటర్, ఫారం 35. పేరు మార్పుకు అమ్మేవారి సంతకాలతో ఫారం 29, 30. అక్కడ ఏజెంటు ఖర్చుతో కలిపి 12,000.

మేం పట్టుబట్టి తీసుకున్న ఇంకో కాగితం కొత్తప్పటి అసలు ఇన్‌వాయిస్. దాని సంగతి తర్వాత చెబుతాను.

అమ్మిన పెద్దాయనకు నేను ఒక విషయం వివరించాను. ఆర్సీలో పేరు మారేదాకా చట్టం దృష్టిలో యజమాని ఆయనే. బండి అమ్మేశాను అని చెప్పినా, యాక్సిడెంటు పరిహారం రిజిస్టర్డ్ ఓనర్ మీదికే వస్తుందని 2018లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఆ మాట విన్నాక ఆయన ప్రతి సంతకానికీ వెంటనే వచ్చారు. పేరు మారడం కొన్నవాడికి ఎంత అవసరమో అమ్మినవాడికి అంతకన్నా ఎక్కువ అవసరం.

దారి గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. నాగ్‌పూర్ మీదుగా సుమారు 1,800 కిలోమీటర్లు. లారీ మీద ఎక్కించి పంపవచ్చు గానీ, నేను నడిపించుకు రావడానికే మొగ్గుతాను. రెండు రోజులు ఏకబిగిన తిరిగితే టెంపరేచరు, గేర్ల మార్పు, ఆయిల్ తాగుడు అన్నీ బయటపడతాయి. డీజిల్ 11,000, టోల్ 4,000, బస, తిండి 6,000, మొత్తం 21,000. బయల్దేరే ముందు అమ్మినవారి ఫాస్టాగ్ మూయించి కొత్తది వేయించాలి. టోల్ గేటు దగ్గర ట్యాగ్ చెల్లకపోతే రెట్టింపు కట్టాల్సి వచ్చేది.

అసలు దెబ్బ: లైఫ్ ట్యాక్స్

కొన్న వ్యాపారిని నేను అన్నగారు అంటాను. ఆయన మొదట నాకు ఇచ్చిన అంచనాలో లైఫ్ ట్యాక్సుకు, అంటే బండికి ఒకేసారి కట్టే రోడ్డు పన్నుకు అరవై వేలు రాసుకున్నారు. "ఐదు లక్షల పాతిక వేలకు కొన్నాం కదా తమ్ముడూ, పన్నెండు శాతం వేసినా అంతే కదా" అన్నారు. అందరూ ఇలాగే అనుకుంటారు. పన్ను మనం కొన్న ధర మీద వేయరు. ఆ బండి కొత్తగా షోరూము నుంచి బయటికొచ్చినప్పటి ఇన్‌వాయిస్ ధర మీద వేస్తారు. బండి వయసును బట్టి శాతం మెట్లు మెట్లుగా తగ్గుతుంది, అంతే.

ఆంధ్రప్రదేశ్‌లో 2021 చివర్లో చట్టం సవరించాక కొత్త కార్లకు ధరను బట్టి 13, 14, 17, 18 శాతం స్లాబులు వచ్చాయి. పది లక్షలు దాటితే 17, ఇరవై దాటితే 18. మరుసటి ఏడాది తెలంగాణ కూడా ఇవే అంకెలకు వచ్చింది, పైగా అక్కడ ఒకే మనిషి పేర రెండో బండి అయితే ఇంకో 2 శాతం అదనం పెట్టారు. మా బండి ఇన్‌వాయిస్ 19 లక్షలు. ఆ వయసుకు వర్తించే మెట్టు ప్రకారం పన్ను 2,30,000 దగ్గర తేలింది. కొన్న ధరతో పోలిస్తే అది 44 శాతం.

ఈ కేసులో అందరికీ పనికొచ్చే విషయం ఇదే కాబట్టి కాస్త నిలబడి చెబుతాను. ఖరీదైన సెడాన్ ధర మార్కెట్లో వేగంగా పడిపోతుంది. పన్ను లెక్కలో దాని విలువ మాత్రం అంత వేగంగా పడదు. 19 లక్షల కారు తొమ్మిదో ఏట ఐదు లక్షలకు దిగుతుంది, కానీ రవాణా కార్యాలయం ఇంకా ఆ 19 లక్షల వైపే చూస్తుంది. కారు ఎంత ఖరీదైనదైతే, ఎంత చవగ్గా దొరికితే, పన్ను అంత ఎక్కువ భాగాన్ని తినేస్తుంది. ఇన్‌వాయిస్ ఎనిమిది, తొమ్మిది లక్షలున్న చిన్న డీజిల్ సెడాన్‌కు ఇదే పన్ను మోయగలిగేంతలో ఉంటుంది. 35 లక్షల సెడాన్‌ను ఢిల్లీలో తొమ్మిది లక్షలకు చూసి ముచ్చటపడేవాళ్లు ఇన్‌వాయిస్ చూశాక గానీ ధర మాట్లాడకూడదు. అందుకే అమ్మేవాణ్ని నేను అడిగే మొదటి ప్రశ్న "ఎంతకిస్తారు" కాదు, "కొత్తప్పుడు ఎంత పెట్టి కొన్నారు". పదేళ్ల లోపు పెద్ద సెడాన్‌కైతే ఇన్‌వాయిస్‌లో ఎనిమిదో వంతు ముందే పక్కన పెట్టమంటాను, కచ్చితమైన స్లాబు తర్వాత చూసుకోవచ్చు.

ఢిల్లీ నంబరుతోనే తిరిగితే ఏమవుతుంది అని అడుగుతారు. ఒక రాష్ట్రం బండి మరో రాష్ట్రంలో 12 నెలలు దాటి ఉంటే కొత్త నంబరు తీసుకోవాలని మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్ చెబుతుంది. ఆ 12 నెలలు నంబరు మార్చుకోవడానికి ఇచ్చిన గడువు. పన్ను రాష్ట్రానికి సంబంధించింది, చెక్‌పోస్టు దగ్గర ఆపేది దాని కోసం. పైగా పేరు మారని బండికి ఇన్సూరెన్సు క్లెయిము దగ్గర చిక్కులొస్తాయి. రోజూ హైవే మీద తిరిగే మనిషి అలాంటి కాగితాలతో తిరగడం నాకు ఇష్టం ఉండదు, ఒప్పుకోను కూడా.

ఢిల్లీలో అప్పట్లో కట్టిన పన్నులో మిగిలిన భాగం వాపసు అడగవచ్చన్న మాటా వినబడుతుంది. వస్తే మంచిదే. నా లెక్కల్లో దాన్ని ఎప్పుడూ రాబడిగా వేయను.

కొత్త నంబరు ఫీజు, పేరు మార్పు, హై సెక్యూరిటీ ప్లేటు, తనిఖీకి తిప్పిన ఖర్చులు కలిపి 9,000. ఇన్సూరెన్సు 24,000. 1500 సీసీ దాటిన కారుకు థర్డ్ పార్టీ ప్రీమియమే 7,897, దాని మీద జీఎస్టీ. అమ్మిన పెద్దాయనకున్న నో క్లెయిమ్ బోనస్ ఆయనతోనే వెళ్లిపోయింది, అది మనిషికి చెందుతుంది, బండికి కాదు.

షాపులో చేసిన పని

బండి బాగుంది కదా, ఇప్పుడెందుకు ఖర్చు అన్నారు అన్నగారు. సర్వీసు ఫైలులో టైమింగ్ బెల్టు మార్చిన బిల్లు లేదు. తొమ్మిదేళ్ల రబ్బరు బెల్టు కిలోమీటర్లు తక్కువ తిరిగినా వయసుతోనే గట్టిపడుతుంది. అది తెగిన క్షణంలో వాల్వులు పిస్టన్లకు తగులుతాయి, ఇంజన్ హెడ్ పోతుంది. కాబట్టి అడగకుండానే బెల్టు, టెన్షనర్, వాటర్ పంపు మార్చాం, 30,000. డీఎస్‌జీ గేర్‌బాక్సు ఇందులో ఆయిల్‌లో మునిగి ఉండే క్లచ్‌ల రకం. 60 వేల కిలోమీటర్లకోసారి ఆయిల్, ఫిల్టరు మార్చాలి. ఒకసారి మార్చారు, రెండోది దగ్గర పడింది, 14,000. ఇంజన్ ఆయిల్, ఫిల్టర్లు, కూలెంట్, బ్రేక్ ఫ్లూయిడ్ 14,000. టైరు పక్కన చివరి నాలుగంకెలు తయారైన వారం, సంవత్సరం చెబుతాయి. ట్రెడ్ బాగానే ఉన్నా అవి 2018వి. మే నెలలో గుంటూరు రోడ్డు మీద 110లో అలాంటి టైరును నేను నమ్మను, నాలుగూ మార్చాం, 30,000. బ్యాటరీ 9,000, ముందు డిస్కులు, ప్యాడ్లు 14,000, సస్పెన్షన్ బుష్‌లు, లింకులు, అలైన్‌మెంట్ 19,000. కలిపితే 1,30,000. కొన్ని పార్టులు ఆటోనగర్‌లో దొరక్క ఢిల్లీ కశ్మీరీ గేట్ నుంచి తెప్పించాం.

ఇవన్నీ కూడితే 9,76,000. ఇదే కారు ఇక్కడే 8 లక్షలకు కొని, పేరు మార్పు, ఇన్సూరెన్సు, ఇంచుమించు ఇలాంటి పనులు చేయించి ఉంటే 9,37,000 దగ్గర ఆగేది. అంటే రెండు లక్షల డెబ్బై ఐదు వేలు ఆదా అని మొదలైన ప్రయాణం 39 వేలు ఎక్కువతో ముగిసింది.

అయినా ఆయన తీసుకోవడం సరైనదే అని నా అభిప్రాయం. అప్పట్లో ఇక్కడ చూసిన బండ్లలో ఒకటి మూడు చేతులు మారింది, ఇంకోదానికి సర్వీసు చరిత్రే లేదు. పూర్తి ఫైలున్న ఒకే యజమాని బండికి 39 వేలు ఎక్కువ పెట్టడంలో అర్థం ఉంది. చవక అనుకుని పెట్టడంలో మాత్రం లేదు. ఈ తేడా బయల్దేరక ముందే తెలియాలి.

ఇక తిప్పే ఖర్చు. ఏడాదికి 24 వేల కిలోమీటర్లు, హైవే ఎక్కువ కాబట్టి లీటరుకు 15 ఇస్తోంది. ఆంధ్రలో డీజిల్ 97 రూపాయల చొప్పున 1,55,000. సర్వీసు 22,000, ఇన్సూరెన్సు 24,000, టైర్ల వాటా 10,000. ఇంజెక్టర్లు, ఫ్లైవీల్, టర్బో లాంటి పెద్ద పనుల కోసం ఏటా 40,000 పక్కన పెట్టమన్నాను. ఐదేళ్ల తర్వాత రెండున్నర లక్షలకు అమ్ముడుపోతుందనుకుంటే, విడిగా వేసిన ఇన్సూరెన్సు తీసేసి ఏడాదికి తరుగు 1,40,000. మొత్తం 3,91,000, కిలోమీటరుకు 16 రూపాయల 30 పైసలు. అందులో డీజిల్ ఆరున్నర రూపాయలే. డీజిల్ బండి అంటే మైలేజీ గురించే మాట్లాడతాం గానీ, ఖర్చులో అరవై శాతం బంకు బయటే ఉంది.

ఇదే బండిని ఏడాదికి ఎనిమిది వేలు తిప్పే మనిషి కొంటే కిలోమీటరుకు 32 రూపాయలు దాటుతుంది. పొట్టి దూరాలకు వాడితే ఈజీఆర్, అంటే పొగలో కొంత భాగాన్ని తిరిగి ఇంజన్‌లోకి పంపే వాల్వు, మసితో పూడుకుపోవడం అదనం. ఊళ్లో తిరిగేవాళ్లు పెట్రోలు బండి కొనుక్కోవడం మేలు.

గల్ఫ్ నుంచి తిరిగొచ్చేవాళ్లు అక్కడి కారు తెచ్చుకోవచ్చా అని తరచూ ఫోన్ చేస్తుంటారు. అక్కడివి ఎడమవైపు స్టీరింగ్ బండ్లు, మన దేశంలోకి వాడిన కారు రావాలంటే కుడివైపు స్టీరింగ్ ఉండాలి, మూడేళ్లు మించకూడదు, పైగా సుంకం కారు విలువనే దాటిపోతుంది. వాళ్లకు నా జవాబు అక్కడే అమ్మేసి రమ్మని.

అన్నగారి బండి ఇప్పుడు 1,20,000 దాటింది. నాలుగో ఇంజెక్టరు రిటర్న్ మొన్నటి సర్వీసులో మళ్లీ కొలిచాను, కాస్త పెరిగింది, ఇంకా హద్దులోనే ఉంది. వచ్చే ఏడాదికి మార్చాల్సి రావచ్చు. 2031లో పదిహేనేళ్లు నిండితే ఫిట్‌నెస్ తనిఖీ, 5,000 రెన్యువల్ ఫీజు, గ్రీన్ ట్యాక్స్ వస్తాయి. దానికి ముందే అమ్మాలన్నది ఆయన ఆలోచన. ఢిల్లీ ఇన్‌వాయిస్ మొదలు మా షాపు బిల్లుల దాకా అన్నీ ఒకే ఫైలులో పెట్టించాను. రేపు కొనబోయేవాడు ముందుగా అడగాల్సింది ఆ ఫైలే.